ఎల్ల తొక్కిన ఎండాకాలం

కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజులవి. ఆ ఏడు ఉగాది దాటాక మా గుట్టపాడుకు పంచాయతీ ఇస్తున్నారని కబురొచ్చింది. పంచాయతీ అంటే ఏమిస్తారో మాకు తెలియదు. ఇస్తున్నారంటే పుచ్చుకోవాలి కదా అని ఊరంతా సంతోషపడింది.

గుట్టపాడు ఎర్రమల కొండల మీద ఉంది. కింద నుంచి తలెత్తి చూస్తే అక్కడ ఒక ఊరుందని ఎవరూ అనుకోరు. మిట్టమధ్యాహ్నం నాపరాళ్ళ కప్పులు మెరిస్తే తప్ప మా ఉనికి తెలియదు. కనుమ దారి దిగితే దిగువపాడు. బడి, తపాలా, బస్సు అన్నీ అక్కడే. పైన మాకు కొర్ర, ఆముదం, గాలి. వాటితో పాటు చల్లదోన ఒకటి. బండల నడుమ ఊరే నీటిగుంటను మా వైపు దోన అంటారు. వేసవిలో ఊరి బావి అడుగంటితే మనుషులకూ గొడ్లకూ ఆ దోన నీళ్ళే దిక్కు.

ఆ దోన ఊర్లో లేదు. ఊరికి తూర్పున, కేకేస్తే వినబడేంత దూరంలో బయటిమిట్ట అని ఉంది. ఆ మిట్ట మీద కొన్ని ఇళ్ళు, ఇళ్ళ వెనుక దోన. మా ఆయన తోబుట్టువు గంగక్కను ఆ మిట్ట మీది మారెన్నకే ఇచ్చారు. నాకు వదిన. పొద్దున్నే నేను కడవ తీసుకుని పోతే ఆమె గడపలో కూర్చుని ఏదో ఒక మాట విసిరేది. “ఏమ్మే మాదేవమ్మా, నా తమ్ముడు లేసినాడా, ఇంకా పండుకోనుండాడా?” అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. అట్లా మాటకు మాట అనుకుంటూ నీళ్ళు తోడుకోవడమే మాకు తెల్లవారడం.

పంచాయతీ ఆఫీసరు గొడుగేసుకుని కనుమ ఎక్కి వచ్చాడు. సర్కారు జిల్లాల మనిషి, చిన్న వయసు. వెంట కొలత గొలుసు పట్టేవాళ్ళు, సున్నపు డబ్బాతో ఒక మనిషి. చావడి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, చెమట తుడుచుకున్నాడు.

“ఈ ఊరు ఎప్పటిదండీ?” అని అడిగాడు.

ఊరి పెద్ద పుల్లయ్య మామ ముందుకు జరిగాడు. “మా తాత పుట్టకముందుదే సామీ.”

“ఎవరు కట్టించారు?”

“ఎవరు కట్టిస్తారప్పా ఈ కొండ మీద? మేమే కట్టుకున్న్యాం.”

“అది కాదు. పూర్వం ఎవరి పాలనలో ఉండేది? నవాబు సీమా, సర్కారు సీమా?”

“శిస్తుకు ఇద్దరూ వచ్చేటోళ్ళు సామీ. కరువొస్తే ఇద్దరూ రారు.”

అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, రెండు పటాలు పరిచాడు. పాత నవాబు సీమకూ సర్కారు సీమకూ నడుమ గీత మా కొండ మీదుగా పోయేదట. ఒక పటంలో మా ఊరుండాల్సిన చోట అడవి గీసి ఉంది. రెండోదానిలో అడవి ఉండాల్సిన చోట మా ఊరుంది. ఆయన కాసేపు వాటిని అటూ ఇటూ తిప్పి మడిచేశాడు.

“ఇవి తేలేవి కావు. మీ ఊరి ఎల్ల ఎక్కడో మీకు తెలుసు కదా. నడిచి చూపించండి. నేను రాళ్ళకు సున్నం వేయించుకుంటాను. రాళ్ళ లోపల ఉన్నదంతా గుట్టపాడు పంచాయతీ” అన్నాడు.

అందరి చూపూ మా ఆయన మీద పడింది.

ఏటా సుంకులమ్మ జాతరకు ఎల్ల తొక్కేది మా ఇల్లే. మా మామ తొక్కాడు, ఆయనకు ముందు ఆయన తండ్రి తొక్కాడు. తల మీద నీళ్ళు పోసుకుని, తడిగుడ్డతో, కాళ్ళకు చెప్పుల్లేకుండా అమ్మ రాయి దగ్గర బయలుదేరి ఊరి చుట్టూ తిరిగి మళ్ళీ అమ్మ రాయి దగ్గరికే రావాలి. వెనక ఊరంతా నడుస్తుంది. దారిలో ఇళ్ళుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు ఎదురొచ్చి ఆయన కాళ్ళకు నీళ్ళు పోస్తారు. బయలుదేరింది మొదలు అమ్మను చేరేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. మాట పడితే ఎల్ల తెగుతుంది. తెగిన చోటినుంచి రోగం లోపలికొస్తుంది. ఇది మాలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. ఏడిస్తే నోరు మూస్తాం.

ఆ పొద్దు జాతర కాదు. అయినా ఎల్ల తొక్కమంటే మా ఆయనకు తెలిసింది ఒక్కటే పద్ధతి. బావి దగ్గర మిగిలిన కాసిని నీళ్ళు తల మీద పోసుకుని, అమ్మకు దండం పెట్టి బయలుదేరాడు. వెనక మగవాళ్ళు, వాళ్ళ వెనక మేము, మా వెనక ఎండ. ఆఫీసరు గొడుగు కింద నడుస్తూ ఏవో అడుగుతున్నాడు. ఎవరూ పలకలేదు. ఆయన మమ్మల్ని సిగ్గరులనుకున్నట్టున్నాడు. ఒక్కో మలుపు దగ్గర రాయికి సున్నం వేయించుకుంటూ వచ్చాడు.

తూర్పున చీలికబండ దగ్గర మా ఆయన లోపలికి మళ్ళాడు.

ఎల్ల అక్కడ లోపలికే మళ్ళుతుంది. వెనకటి గత్తరలో, అదే కలరా అంటారే, రోగం ముందుగా తగిలింది బయటిమిట్టకట. ఊరిని కాపాడాలని మా ఆయన తాత చీలికబండ దగ్గర లోపలికి తిరిగి, మిట్టను వెలుపల పెట్టి ఎల్ల తొక్కాడట. రోగం ఊర్లోకి రాలేదు. ఆ తర్వాత గత్తర పోయింది, మలుపు మిగిలింది. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మిట్ట వాళ్ళు మా పెళ్ళిళ్ళకు వస్తారు, మేము వాళ్ళ చావులకు పోతాం, అందరం ఒకే దోన నీళ్ళు తాగుతాం. ఏడాదికొకసారి ఆ కాసేపే వాళ్ళు వెలుపల. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆ పొద్దు ఆ మలుపు దగ్గర నా అడుగు ఆగింది. పుల్లయ్య మామ అడుగు కూడా తడబడింది. మా పక్కింటి హంపమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఈ మలుపుకు సున్నం పడితే మిట్ట వెలుపలే ఉండిపోతుందని అందరికీ తెలిసింది. ఆఫీసరు గొడుగు ఎత్తి మిట్ట వైపు చూపించాడు.

“ఆ ఇళ్ళు ఎవరివండీ? అవి మీ ఊరు కాదా?”

మేము నేల చూపులు చూశాం. పుల్లయ్య మామ ఆగు, తర్వాత చెబుతానన్నట్టు చేయి ఊపాడు. ఆఫీసరు ఆ చేతిని చూసి “ఓహో, కాదన్నమాట” అని చీలికబండకు సున్నం వేయించాడు. నేను తలెత్తి చూస్తే మిట్ట మీద మారెన్న ఇంటి గడపలో ఎవరో నిలబడి ఉన్నారు. ఎండ కళ్ళలో పడి మొహం తెలియలేదు.

చివరి రాయి కనుమ దగ్గర. అక్కడికి రాగానే ఆఫీసరు “చాలా సంతోషమండీ” అని దారి పట్టాడు. మేము అమ్మ రాయి దగ్గరికి చేరి నోరు విప్పేసరికి ఆయన గొడుగు కనుమ మలుపు తిరిగిపోయింది.

“పరిగెత్తి చెప్పండప్పా ఎవరన్నా” అన్నాను నేను.

“పోనీలే మాదేవమ్మా, చదువుకున్నోడు. మిట్ట మనది కాక ఎవరిదంట? ఆయనకే తెలుస్తాది” అన్నాడు పుల్లయ్య మామ.

ఆయనకు తెలియలేదు. కొన్నాళ్ళకు దిగువపాడు తలారి వచ్చి మిట్ట మీద తప్పెట కొట్టాడు. బయటిమిట్ట ఇళ్ళూ దోనా దిగువపాడు పంచాయతీలో కలిశాయని, ఇకమీదట మంచీ చెడ్డా అక్కడే చెప్పుకోవాలని చాటాడు. తప్పెట మా ఊర్లోకి వినబడుతూనే ఉంది. మా ఆయన దూడకు గడ్డి వేస్తూ ఆగిపోయాడు.

సాయంత్రం గంగక్క వచ్చింది. ఎప్పుడూ లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది. ఆ రోజు పంచలోనే నిలబడింది.

“ఏం తమ్ముడా, నన్ను ఏ ఊర్లో పారేసి వస్తివి?”

మా ఆయన తల దించుకున్నాడు. “నేనేం చేసేదక్కా. ఎల్ల తొక్కమన్నాడు, తొక్కినా.”

“నీ కాళ్ళకు కండ్లు లేవా?”

“ఆ దారి తప్ప నాకింకో దారి తెలీదు. నాయన అట్లే తొక్కినాడు కదా.”

“నాయన తొక్కేటప్పుడు ఎనకాల సున్నం డబ్బా రాలేదులే” అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. “ఏమ్మే, కూతురి పెండ్లికి చావడి కావాలంటే నేనింక దిగువపాడు వాళ్ళను అడగల్లంట. నువ్వేమో దోనకు రావాలంటే వాళ్ళను అడగల్ల. బాగుండాది కదా?” అని వెళ్ళిపోయింది.

నేను చీలికబండ దగ్గర ఉన్నాను కదా, నోరు మూసుకుని నడిచాను కదా అనిపించి రెండు రోజులు దోనకు పోలేదు. హంపమ్మ తెచ్చిన నీళ్ళలో నాకొక చెంబు పోసింది. అమ్మవారి కోసం మాట ఆపుకున్నాం, మనుషుల మాట పోయింది. ఇందులో మేము చేసింది తప్పో ఒప్పో నాకు తెలియలేదు. దేవుడి గదిలో దీపం పెడుతూ అదే అడిగాను. దీపం ఎప్పటిలాగే వెలిగింది.

ఆఫీసరు కోయిలకుంట్లలో మకాం ఉన్నాడని తెలిసి పుల్లయ్య మామ, మా ఆయన బయలుదేరారు. మాట్లాడాల్సిన చోట వీళ్ళిద్దరూ మాట్లాడరని నేనూ వెంట నడిచాను. ఆఫీసరు మమ్మల్ని గుర్తుపట్టి కూర్చోమన్నాడు. సంగతంతా విని రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

“నేను అడిగాను కదండీ! ఆ ఇళ్ళు మీవి కావా అని అడిగాను. ఒక్కరూ మాట్లాడలేదు.”

“ఎల్ల తొక్కేటప్పుడు మాట్లాడకూడదు సామీ” అన్నాడు మా ఆయన.

“మరి ఆ తర్వాతైనా?”

“మీరు పోతిరి.”

ఆయనకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, మళ్ళీ కోపమొచ్చింది. “సరే. చేతులెత్తే రోజు ఇంకా రాలేదు. ఎన్నికకు ముందే నేనొకసారి కొండెక్కుతాను. మిట్టను కలుపుకుని నడిచి చూపించండి. కానీ ఆ మిట్ట వాళ్ళు ఏమంటారో కూడా వినాలి నేను. ఈసారి దయచేసి మాట్లాడుతూ నడవండి.”

అంత సులువా అని మేము సంతోషంగా కనుమ ఎక్కాం. పైకి వచ్చి చావడిలో చెప్పేసరికి సంతోషం కాస్తా సగానికి పడింది. ఆ వారమే ఊర్లో ఇద్దరు పిల్లలకు వాంతులు పట్టుకుని ఉన్నాయి.

“మిట్టను లోపలికి తెస్తే గత్తర లోపలికొస్తాది” అంది హంపమ్మ. ఆ పిల్లల్లో ఒకడు ఆమె మనవడు. ఆమెను ఏమనగలం?

“గత్తర యాడుండాది ఇప్పుడు? సూదులు వేసిపోలేదా?” అన్నాడు ఒకడు.

“సూది వేసింది మనుషులకప్పా. ఎల్లకు వేసినారా?” అంది హంపమ్మ.

పుల్లయ్య మామ గడ్డం గోక్కుంటూ మా ఆయన వైపు చూశాడు. “నీ ఇంటి పని బొజ్జన్నా. నువ్వేమంటావో చెప్పు.”

మా ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. ఇంటికొచ్చి సంగటి ముందు కూర్చుని కూడా ముద్ద ఎత్తలేదు. చూడలేక నాకు తోచింది చెప్పాను.

“చెప్పులేసుకొని నడువు.”

“ఏమే?”

“చెప్పులేసుకొని, పొడిగుడ్డతో, ఊసులు చెప్పుకుంటా నడువు. అప్పుడది అమ్మ ఎల్ల కాదు, సర్కారు ఎల్ల. అమ్మది అమ్మకుంటాది, సర్కారుది సర్కారుకుంటాది.”

“నేను చెప్పులేసుకుంటే అమ్మ కండ్లు మూసుకుంటాదా?” అన్నాడు. కానీ ముద్ద ఎత్తాడు.

చావడిలో నా మాట అందరికీ నచ్చింది. హంపమ్మ కూడా ఒప్పుకుంది. చెప్పులు మరిచిపోకుండా నేనే తీసి గడప దగ్గర పెట్టాను.

ఆఫీసరు రానే వచ్చాడు. ఈసారి నడక తిరణాల లాగా ఉంది. ఎల్ల మీద నడుస్తూ మాట్లాడడం మాకెవరికీ అలవాటు లేదు. మాట్లాడాలి కాబట్టి నోటికొచ్చింది గట్టిగా మాట్లాడుకున్నాం. ఆముదాల గురించి, అల్లుళ్ళ గురించి, ఎవరి ఎనుము ఎవరి చేలో పడిందో దాని గురించి. పుల్లయ్య మామ ఆఫీసరుకు ప్రతి రాయి పేరూ చెప్పాడు. కొన్నిటికి అప్పటికప్పుడు పెట్టాడని నా అనుమానం. మా ఆయన చెప్పులు ముందు టపటపమంటూ పోతున్నాయి.

చీలికబండ దగ్గర ఆ చప్పుడు ఆగింది.

ఆయన బండ ముందు నిలబడిపోయాడు. కుడి వైపు పాత మలుపు, ఎదురుగా మిట్టకు పోయే బాట. ఆఫీసరు “ఏమైందండీ?” అన్నాడు. మా ఆయన వంగి చెప్పులు విప్పాడు. వాటిని బండ పక్కన పెట్టి, మిట్ట వైపు చూసి దండం పెట్టి, ఉట్టి కాళ్ళతో బాట మీద అడుగు వేశాడు.

మా మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. హంపమ్మ కాసేపు బండ దగ్గరే నిలబడింది. తర్వాత కొంగు నెత్తిన కప్పుకుని మా వెనకే వచ్చింది. కిందటిసారి దారిపొడవునా ప్రశ్నలడిగిన ఆఫీసరు ఈసారి తానూ నోరు మూసుకుని నడిచాడు.

గంగక్క గడప ముందు కడవతో నిలబడి ఉంది. పెళ్ళై ఆ మిట్టకు పోయిన నాటినుంచి ఎల్ల తొక్కే కాళ్ళకు నీళ్ళు పోసే పని ఆమెకు పడలేదు. ఎవరు చెప్పారో, ఎట్లా తెలిసిందో. తమ్ముడి కాళ్ళ మీద కడవంతా కుమ్మరించింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఎల్ల దోనను చుట్టి, తిరిగి ఊరి దారిలో కలిసింది. అమ్మ రాయి దగ్గర మేము గట్టిగా ఊపిరి వదిలాం. ఇక మిట్ట మాదే అనుకున్నాం. నేనైతే లోలోపల అమ్మకు కోడిని కూడా మొక్కుకున్నాను.

ఆఫీసరు మమ్మల్ని మళ్ళీ దోన దగ్గరికి రమ్మన్నాడు. మిట్ట వాళ్ళంతా అక్కడ చేరారు.

“చూడండి. ఎల్ల రెండు విధాలుగా చూపించారు మీ వాళ్ళు. రెండూ చూశాను. మిమ్మల్ని మాత్రం ఇంతదాకా ఎవరూ అడగలేదు. అడుగుతున్నాను. గుట్టపాడులో ఉంటామనేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు.

మారెన్న చేయి సగం లేచింది. అతడు పెళ్ళాం వైపు చూశాడు. గంగక్క ఖాళీ కడవను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతులు కదలలేదు. మారెన్న తన చేయి తల దాకా తీసుకుపోయి జుట్టు సవరించుకున్నాడు. ఒకరిద్దరు ముసలివాళ్ళు ఎత్తారు. మిగతావాళ్ళు ఎత్తలేదు.

ఆఫీసరు “అయితే దిగువపాడే” అని తల ఊపి, పటం మడిచి వెళ్ళిపోయాడు. మా ఆయన తడి కాళ్ళకు అంటిన మట్టి ఇంకా ఆరలేదు.

నేను ఆగలేక వదిన దగ్గరికి పోయాను. “కాళ్ళకు నీళ్ళు పోసి, చేయెత్తవా?”

“అమ్మ ఎల్లలోకి తెచ్చినాడు నా తమ్ముడు. దానికి నీళ్ళు పోసినా” అంది. “ఆ పొద్దు ఆఫీసరు ఈ ఇండ్లెవరివని అడిగె. నేను గడపలో నిలబడి వింటాండా. ఊరంతా నేల చూసుకుంటా మలుపు తిరిగె. ఒకరన్నా ఎనక్కి తిరిగి సూస్తారేమోనని సూస్తిని.”

“మాట్లాడకూడదు కదా వదినా.”

“మాట్లాడకూడదులే. సూడకూడదని ఎవరు చెప్పినారు?”

నేను చూశాను అని చెప్పాలనుకున్నాను. నేను నిజంగానే చూశాను. ఆ గడపలో ఉన్నది ఆమె అని తెలియలేదు, అంతే. కానీ ఆ మాట ఆ వేళ నాకే పొల్లుగా తోచి ఊరుకున్నాను.

“దిగువపాడు వాళ్ళు దోనకు రావద్దంటే మా గతేంది?” అన్నాను.

“నేను సచ్చినానా? కడవ తీసుకొని రా” అంది.

మా పంచాయతీకి చేతులెత్తే రోజు మా ఆయన ప్రెసిడెంటుకు నిలబడలేదు. పుల్లయ్య మామను నిలబెట్టారు, ఎదురు ఎవరూ లేరు. హంపమ్మ మనవడు లేచి తిరుగుతున్నాడు. మరుసటి రోజు దిగువపాడులో ఎన్నిక. మిట్ట జనం ఎండ ముదరకముందే కనుమ దిగిపోయారు. వాళ్ళు చేతులెత్తే సంగతి మాకు కనిపించదు కదా. మా ఆయన మాత్రం పొద్దంతా కనుమ వైపే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా గంగక్క మా ఇంటికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, నుదుట పెద్ద బొట్టు. ఈసారి తిన్నగా లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. దిగువపాడులో తనను పేరు పెట్టి పిలిచారని, చెట్టు కింద నీడలో నిలబెట్టారని చెప్పింది. ఎవరికి చేయెత్తిందో చెప్పలేదు. నేను పెట్టిన సంగటి తింది, తమ్ముడి వాటాలోని పచ్చిమిరపకాయ కూడా లాక్కుని తింది. లేస్తూ లేస్తూ నా ముందు కొంగు చాచింది.

“ఏంది వదినా?”

“ఒడిబియ్యం పొయ్యమ్మే.”

నాకు అర్థం కాలేదు. పొరుగూరికి ఇచ్చిన ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి పోతుంటే పోస్తాం ఒడిబియ్యం. ఉన్న ఊర్లోనే ఇచ్చిన పిల్లకు ఎవరు పోస్తారు? గంగక్కకు మా ఇంట్లో ఎన్నడూ పోయలేదు.

“ఇంక నేను పరాయి ఊరి దాన్ని కదమ్మే. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను ఉత్త ఒడితో పంపుతావా? నలుగురూ నవ్వరా?” అంది.

కొండ మీద బియ్యం పండగలకే ఉంటాయి. కుండ అడుగున ఉన్నవన్నీ చేటలోకి ఒంపాను. పసుపు, కుంకుమ, ఎండు కొబ్బరి చిప్ప పెట్టి దోసిళ్ళతో ఆమె కొంగులో పోశాను. పోస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం పెళ్ళికూతురిలా తల వంచుకుని పట్టుకుంది. మా ఆయన గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు.

“పొలిమేర దాకా సాగనంపవా తమ్ముడా?” అంది గంగక్క.

ఆయన గోడ వదిలి ఆమె వెనకే నడిచాడు. ఏ పొలిమేర దాకా పోవాలో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.